ఎక్స్‌రే మసక: సీసం పట్టీల నుంచి సాఫ్ట్‌వేర్ దాకా

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నడుం నొప్పికి ఎక్స్‌రే తీయించుకున్న తెలుగువాళ్లు "ఫిల్మ్ క్లియర్‌గా లేదు, విశాఖలో ఇంకోసారి తీయించండి" అన్న మాట వింటూనే ఉంటారు. విశాఖ వెళ్లడం ఇక్కడివాళ్లకి కొత్తేం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా రాయగడ, కోరాపుట్ విశాఖపట్నం జిల్లాలోవే. 1923లో తెరుచుకున్న కింగ్ జార్జ్ ఆసుపత్రి, రాష్ట్రం వేరైనా వీళ్లకి పెద్దాసుపత్రిగానే మిగిలింది. అయితే రెండోసారి ఎక్స్‌రే అంటే రైలు టికెట్టు ఒక్కటే ఖర్చు కాదు, అదే నడుము మీద ఇంకో మోతాదు రేడియేషన్ పడుతుంది.

మసకగా వస్తే మిషన్ పాతదైపోయిందనుకుంటాం. చాలాసార్లు తప్పు మిషన్‌ది కాదు, మన ఒంట్లో జరిగే చెదురుది. మిషన్‌లో కిరణాలు పుట్టే ట్యూబ్ నుంచి వచ్చినవాటిలో కొన్ని తిన్నగా ఫిల్మ్‌ని చేరతాయి, అవే బొమ్మ గీస్తాయి. మిగిలినవాటిలో కొన్ని కండలో, కొవ్వులో ఎలక్ట్రాన్లకి తగిలి దారి తప్పి, ఫిల్మ్ మీద ఎక్కడపడితే అక్కడ పడతాయి. లావుపాటి పొట్టకి ఏ అడ్డూ లేకుండా తీస్తే ఫిల్మ్‌ని చేరేవాటిలో సగానికి పైగా ఇలా చెదిరినవే. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతూ పొగమంచులో హెడ్‌లైట్ వేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది: రోడ్డు అంచు ఉన్నచోటే ఉంటుంది, తెలుపులో కలిసిపోయి కనబడదు. అంచు పదును తగ్గడం వేరు, నలుపు తెలుపుల తేడా తగ్గడం వేరు. చెదురు చేసేది రెండోది. దానికి వేసిన మందుల్లో కొన్ని మొదటిదాన్ని చెడగొట్టాయి.

రాంట్‌జెన్ 1895 నవంబరులో కిరణాల్ని కనిపెట్టాక కొన్నేళ్లకే డాక్టర్లు ఈ మసకతో తంటాలు పడ్డారు. హాంబర్గ్‌లో ఆల్బర్స్ షోన్‌బర్గ్ చేసింది నాటువైద్యంలా ఉంటుంది గానీ పనిచేసింది: సీసం గొట్టంతో కిరణాల వెడల్పు తగ్గించి, అదే గొట్టాన్ని పొట్ట మీద అదిమి ఒంటి మందం తగ్గించాడు. తక్కువ మాంసం, తక్కువ చెదురు. ఆయన రేడియేషన్ దెబ్బలతోనే 1921లో పోయాడు.

1913లో బెర్లిన్ డాక్టర్ గుస్తావ్ బకీ రోగికీ ఫిల్మ్‌కీ మధ్య సీసం పట్టీల జాలీ, అంటే గ్రిడ్, పెట్టాడు. తిన్నగా వచ్చే కిరణం సందులోంచి పోతుంది, ఏటవాలుగా వచ్చేది పట్టీకి తగిలి ఆగిపోతుంది. తంటా ఏమిటంటే జాలీ గీతలు ఎముకల మీద అడ్డంగా, నిలువుగా పడేవి. షికాగోలో హాలిస్ పాటర్ పట్టీలన్నీ ఒకే దిశలో పెట్టి, కిరణాలు పడుతున్నంతసేపూ గ్రిడ్‌ని కదిలించాడు. గీతలు చెరిగిపోయాయి. 1920ల నుంచి వీళ్లిద్దరి పేర్లూ కలిసి ప్రపంచమంతా తిరిగాయి. మన టెక్నీషియన్లు బకీ టేబుల్, బకీ స్టాండ్ అని రోజూ పిలిచేది ఆయన పేరే. (తర్వాత అమెరికా చేరిన బకీ, స్నేహితుడు ఐన్‌స్టైన్‌తో కలిసి ఒక కెమెరాకి కూడా పేటెంట్ తీసుకున్నాడు.)

వింతేమిటంటే మందు దొరికిన పదేళ్లకి గానీ జబ్బు సరిగ్గా అర్థం కాలేదు. కిరణం ఎలక్ట్రాన్‌ని ఢీకొని శక్తి పోగొట్టుకుని పక్కకి తిరుగుతుందని ఆర్థర్ కాంప్టన్ వివరించింది 1923లో. విశాఖలో చదువుకున్న సి.వి. రామన్, మామూలు వెలుతురులో దానికి పోలిక వెతుకుతూనే 1928లో తన ఫలితానికి చేరాడు.

గ్రిడ్ ఊరికే రాదు. పట్టీలు మంచి కిరణాల్ని కూడా కొంత మింగుతాయి కాబట్టి డోసు రెండు నుంచి ఐదు రెట్లు పెంచాలి. గ్రిడ్ ఒక పక్కకి వంగినా, ట్యూబ్ దూరం కుదరకపోయినా బొమ్మ మొత్తమో, అంచులో తెల్లబడిపోతాయి. మంచం మీది రోగికి పోర్టబుల్ మిషన్‌తో తీసేటప్పుడు గ్రిడ్ వాడటానికి జంకేది ఇందుకే.

ఇంకో దారి, గ్రిడ్ లేకుండా రోగికీ ఫిల్మ్ ఉండే ప్లేటుకీ మధ్య ఖాళీ వదలడం. ఏటవాలు కిరణాలు ఆ ఖాళీలో పక్కకి జారిపోతాయి. పదును పోయేది ఇక్కడే. కిరణాలు పుట్టే చుక్క 1 మిల్లీమీటరు అనుకుందాం. ప్లేటు దానికి 1 మీటరు దూరంలో ఉండి, రోగికీ ప్లేటుకీ మధ్య 20 సెంటీమీటర్ల ఖాళీ వదిలితే అంచు పావు మిల్లీమీటరు అలుక్కుపోతుంది. ప్లేటుని 3 మీటర్లకి జరిపితే అలుకు 0.07 మిల్లీమీటరుకి తగ్గుతుంది, కానీ ట్యూబ్ 9 రెట్లు ఎక్కువ కిరణాలు ఇవ్వాలి. అంత గది, అంత మిషన్ ఉన్న పెద్ద ఆసుపత్రులే ఛాతీ ఎక్స్‌రేలకి దీన్ని వాడగలిగాయి.

2010ల నుంచి కంపెనీలు సాఫ్ట్‌వేర్ గ్రిడ్ అమ్ముతున్నాయి. బొమ్మని చూసి చెదురెంతో లెక్కగట్టి తీసేస్తుంది. నలుపు తెలుపుల తేడా బాగానే తెలుస్తుంది. అయితే చెదిరిన కిరణాలు అప్పటికే వేసిపోయిన గరుకుని, అంటే చుక్కచుక్కల మరకల్ని, అది తుడవలేదు. 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో చేత్తో పట్టుకునే ఎక్స్‌రే మిషన్లు పల్లెలకి వెళ్లాయి. గిరిజన గూడేల్లో బక్కపలచటి మనిషి ఛాతీకి గ్రిడ్ లేకపోయినా ఇబ్బంది లేదు, ఊపిరితిత్తుల్లో గాలే ఎక్కువ. అదే మిషన్‌తో నడుమో, తుంటో తీస్తే మాత్రం మళ్లీ మసకే.

నా మటుకు నాకు, వీటన్నిటిలో డోసు పెంచకుండా, పదును తగ్గించకుండా పనిచేసేది ఆ హాంబర్గ్ డాక్టర్ పద్ధతిలో మొదటి సగం, కిరణాల వెడల్పు తగ్గించడమే. ఇప్పుడది కోలిమేటర్, ట్యూబ్ కింద లైటు వెలిగే పెట్టె. నాబ్ తిప్పి వెలుతురుని వెన్నెముక వరకే కుదిస్తే చెదురు పుట్టే మాంసమే తగ్గుతుంది. బయట వరండాలో క్యూ ఉన్నప్పుడు ఆ నాబ్ ముట్టుకునే తీరిక ఎవరికి? ఫిల్మ్ రోజుల్లో బద్ధకిస్తే ఫిల్మే పట్టిచ్చేది, చుట్టూ తెల్ల అంచు లేకుండా మొత్తం నల్లబడి. డిజిటల్‌లో బారుగా తెరిచి తీసి, తర్వాత కంప్యూటర్‌లో అంచులు కత్తిరించి డాక్టర్‌కి పంపొచ్చు. బొమ్మ చిన్నదవుతుంది. పొట్ట మీద పడే డోసు అప్పటికే పడిపోయింది, దాంట్లోంచి వచ్చిన మసక కూడా వెన్నుపూసల మీదే ఉండిపోయింది.