హీబ్రూ కోడ్ పేచీ: పాఠం సెర్బియాలో ఉంది

జావా ప్రోగ్రామింగ్ భాష 11వ వెర్షన్ నుంచి 17కు మారగానే హీబ్రూ వాడేవాళ్లకు తెరంతా ఇంగ్లిష్‌లోకి మారిపోయిందన్న ఫిర్యాదు మళ్లీ మొదలైంది. ఇండోనేషియన్‌దీ అదే గతి. 17లో హీబ్రూను గుర్తించే రెండక్షరాల కోడ్ ఐడబ్ల్యూ నుంచి హెచ్‌ఈ అయింది, ఇండోనేషియన్ ఐఎన్ కాస్తా ఐడీ అయింది, యిడ్డిష్ జేఐ పోయి వైఐ వచ్చింది. ఎప్పుడో దిద్దాల్సింది ఇన్నాళ్లకు దిద్దారని కొందరు, నడుస్తున్నదాన్ని ఎందుకు కదిపారని కొందరు వాదిస్తున్నారు.

కంప్యూటర్‌కు భాషను చెప్పేది రెండక్షరాల కోడ్, దేశాన్ని చెప్పేది ఇంకో రెండక్షరాల కోడ్. అవి ఎలా వచ్చాయన్న కథ వదిలేద్దాం. ఈ తగువు అర్థం కావాలంటే ముందు చూడాల్సింది జావాను కాదు, 2003 జులైని.

యుగోస్లావియా ఆ ఏడాదే సెర్బియా-మాంటెనెగ్రోగా పేరు మార్చుకుంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓలో దేశాల కోడ్లు (ఐఎస్‌ఓ 3166) చూసే విభాగం జులైలో దానికి వైయూ తీసేసి సీఎస్ ఇచ్చింది. ఆ సీఎస్ అంతకు ముందు చెకోస్లొవాకియాది. ఆ దేశం 1993 జనవరి 1న రెండు ముక్కలైంది. ఖాళీ అయిన కోడ్‌ను ఇంకొకరికి ఇవ్వాలంటే అప్పటి నిబంధన ప్రకారం 5 ఏళ్లు ఆగితే చాలు, ఇక్కడ పదేళ్లు ఆగారు. కాగితం మీద ఏ తప్పూ లేదు. కానీ పోయింది దేశమే, రికార్డులు కాదు. ‘పుట్టిన దేశం’ గడిలో సీఎస్ అని ఉన్న మనిషిది ప్రాగా, బెల్‌గ్రేడా? పక్కన తేదీ ఉంటే ఊహించొచ్చు. అదీ లేకపోతే ప్రోగ్రామ్‌కు తెలిసే దారే లేదు.

ఇంటర్నెట్ సాంకేతిక తీరుతెన్నులు చూసే ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు ఆ సెప్టెంబరులోనే ఐఎస్‌ఓకు అభ్యంతరం రాసి పంపింది. కోడ్ మాత్రం మారలేదు. తీరా చూస్తే 2006 జూన్‌లో మాంటెనెగ్రో విడిపోయింది, సెప్టెంబరులో సెర్బియాకు ఆర్‌ఎస్, మాంటెనెగ్రోకు ఎంఈ వచ్చాయి. మూడేళ్ల ముచ్చటకు అంత గొడవ! దాని మరకలు ఇంకా పోలేదు. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లో సెర్బియన్ లొకేల్ (భాష, దేశం కలిపిన గుర్తు) పేరులోని దేశం ముక్క మొదట ఎస్‌పీ, తర్వాత సీఎస్, ఆపైన ఆర్‌ఎస్. మూడు తరాల పేర్లూ పాత డేటాబేసుల్లో ఎదురవుతూనే ఉంటాయి.

ఆ దెబ్బతో ఇంటర్నెట్ వర్గం ఐఎస్‌ఓ జాబితాను నేరుగా నమ్మడం మానేసింది. 2006 సెప్టెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4646 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రం ప్రకారం, భాషా ట్యాగుల (భాష, దేశం కోడ్లు కలిపి రాసే గుర్తుల) ముక్కలకు, ఇంటర్నెట్ కోడ్ల పట్టికలు చూసే ఐయానా దగ్గర సొంత రిజిస్ట్రీ పెట్టుకున్నారు. ఒకసారి ఎక్కిన కోడ్‌ను అందులోంచి తీసేయరు, దాని అర్థం మార్చరు. మహా అయితే ‘వాడుక తప్పింది’ అని ముద్ర వేసి, బదులు ఏది వాడాలో పక్కన రాస్తారు. ఐఎస్‌ఓ కూడా 5 ఏళ్ల గడువును 50కి పెంచింది. మన దగ్గర 2024 మార్చిలో బండి నంబర్లు టీఎస్ నుంచి టీజీకి మారినా పాత టీఎస్ ప్లేట్లు చెల్లుతున్నాయి కదా, రిజిస్ట్రీదీ అదే పద్ధతి.

కోడ్ మారినా పాత డేటా మారదన్న ఈ పాఠంతో ఇప్పుడు హీబ్రూకు వద్దాం. ఐడబ్ల్యూను హెచ్‌ఈగా మార్చింది 1989లో, జావా పుట్టకముందే. అయినా జావా పాతదాన్నే పట్టుకుంది. మీరు హెచ్‌ఈ అని ఇచ్చినా లొకేల్‌ను తయారుచేసే కన్‌స్ట్రక్టర్ చప్పుడు చేయకుండా ఐడబ్ల్యూగా తిప్పేసేది. జావా 7లో భాషా ట్యాగు ఇచ్చే టు-లాంగ్వేజ్-ట్యాగ్ ఆదేశం వచ్చాక అది హెచ్‌ఈ అనేది, భాష కోడ్ ఇచ్చే పాత గెట్-లాంగ్వేజ్ ఐడబ్ల్యూ అనేది. ఒకే వస్తువుకు రెండు నాలుకలన్నమాట. బయటి ప్రపంచమంతా హెచ్‌ఈ అంటుంటే ఇదేం పంతమని మార్పు కోరినవాళ్ల వాదన, అదీ నిజమే.

అయితే విరిగేదెక్కడో చూస్తే రెండో పక్షం గోడు అర్థమవుతుంది. అనువాదాలుండే రిసోర్స్ బండిల్ ఫైళ్లకు ఢోకా లేదు, వెతికేటప్పుడు జావా రెండు పేర్లనూ చూస్తుంది. గెట్-లాంగ్వేజ్ ఇచ్చిన రెండక్షరాలతో సొంతంగా కట్టుకున్నవే కూలతాయి: జేసన్ (డేటా దాచే) ఫైల్ పేరు, డేటాబేస్ కీ, యూఆర్‌ఎల్ దారి, ‘ఐడబ్ల్యూ అయితే కుడి నుంచి ఎడమకు’ అన్న షరతు. ఎర్రర్ ఏదీ రాదు, డీఫాల్ట్ భాష వచ్చి కూర్చుంటుంది, అంతే.

తక్షణ మందు ఒకటుంది. జావా ప్రోగ్రామ్‌ను నడిపే జేవీఎం కమాండ్ లైన్‌లో హైఫన్-డీతో ‘జావా.లొకేల్.యూజ్‌ఓల్డ్‌ఐఎస్‌ఓకోడ్స్’ను ట్రూ చేస్తే పాత పద్ధతి వస్తుంది. దీన్ని జేవీఎం మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చదువుతుంది, కోడ్ మధ్యలో సెట్ చేస్తే దండగ. ఆ వెసులుబాటులో, దాచే విలువలన్నీ టు-లాంగ్వేజ్-ట్యాగ్ ఇచ్చిన రూపంలోకి మార్చుకోవాలి. లోపలికొచ్చే ఐడబ్ల్యూను మాత్రం తిప్పికొట్టకూడదు, హెచ్‌ఈగా చదువుకోవాలి. పాత డేటా ఎప్పుడు ఎటునుంచి వస్తుందో చెప్పలేం.

ఆండ్రాయిడ్‌లో కథ వేరు. అక్కడ యాప్‌లో హీబ్రూ అనువాదాలు పెట్టే ఫోల్డర్ ఇప్పటికీ వాల్యూస్-ఐడబ్ల్యూ, ఇండోనేషియన్‌ది వాల్యూస్-ఐఎన్. ఇండియా కదా అని ఆ ఐఎన్ ఫోల్డర్‌లో తెలుగు వాక్యాలు పెడితే అవి కనిపించేది జకార్తాలో. దేశం కోడ్‌కు ముందు అక్కడ ‘ఆర్’ తగిలించాలి: వాల్యూస్-టీఈ-ఆర్‌ఐఎన్. అసలు తెలుగుకు అదీ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 7 కంటే పాత ఫోన్‌లో తెలుగు-అమెరికా పెట్టుకున్నవాళ్లకు ఆ ఫోల్డర్ అందదు, ఇంగ్లిషే వస్తుంది. ఉత్త వాల్యూస్-టీఈ అయితే అట్లాంటాలోనైనా అమలాపురంలోనైనా దొరుకుతుంది.