లా పాజ్ వీధుల్లో ఊపిరి లెక్క

బొలీవియా ప్రభుత్వ కేంద్రమైన లా పాజ్‌కు విమానంలో వచ్చే విదేశీయుడు దిగేది ఆ నగరానికి పైన, పీఠభూమి అంచున ఉన్న ఎల్ ఆల్టోలో. అక్కడి విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 4,060 మీటర్ల ఎత్తున ఉంది. పలుచని గాలిలో విమానం నేలను వదలాలంటే మరింత వేగం అందుకోవాలి కనుక రన్‌వేను 4 కిలోమీటర్ల పొడవున వేశారు. విమానానికే తప్పని ఈ ఇబ్బంది పెట్టె మోసుకుంటూ మెట్లెక్కే ప్రయాణికుడికి మాత్రం ఎలా తప్పుతుంది?

గాలిలో ఆక్సిజన్ వాటా అక్కడా 21 శాతమే. తగ్గేది పీడనం. నగరం నడిబొడ్డున, అంటే సుమారు 3,600 మీటర్ల వద్ద, అది సముద్రమట్టపు పీడనంలో దాదాపు మూడింట రెండు వంతులే ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గినట్లు మెడలోని ధమనుల దగ్గరి గ్రాహకాలు పసిగట్టి శ్వాసను వేగిరపరుస్తాయి. ఆ వేగానికి కార్బన్ డయాక్సైడ్ అతిగా బయటికి పోయి రక్తం క్షారగుణం వైపు మొగ్గడంతో, ఈసారి శ్వాసకు కళ్లెం పడుతుంది. మూత్రపిండాలు క్షారగుణమున్న బైకార్బొనేట్‌ను విసర్జించి ఈ పేచీని తీర్చడానికి కొన్ని రోజులు పడుతుంది. కొత్తవారు అర్ధరాత్రి ఊపిరి ఆగినట్లనిపించి ఉలిక్కిపడి లేవడానికి కారణం ఈ పెనుగులాటే. ఎర్ర రక్తకణాలు తగినంత పెరగడానికైతే వారాలు కావాలి.

అందుచేత ఇక్కడ పటం చూసి దూరాన్ని అంచనా వేయడం పొరపాటు. పటంలో పక్కపక్కనే కనిపించే రెండు వీధుల మధ్య నిట్టనిలువు మెట్ల వరుస ఉండవచ్చు. పైకి వాహనంలో వెళ్లి, కిందికి నడిచి రావడం మేలైన పద్ధతి. 2014లో మొదలైన 'మి టెలెఫెరికో' తీగమార్గం (కేబుల్ కార్) సరిగ్గా ఈ పనికే ఉపకరిస్తుంది. దాని ఎరుపు మార్గం పాత రైల్వేస్టేషను ప్రాంతం నుంచి సుమారు 10 నిమిషాల్లో, దాదాపు 400 మీటర్లు పైకి, ఎల్ ఆల్టోకు చేరుస్తుంది. చిక్కల్లా కూర్చున్నంతసేపూ ఆయాసం తెలియకపోవడమే. దిగి నాలుగడుగులు వేశాకే ఎత్తు సంగతి తెలిసివస్తుంది.

తొలి రాత్రులు నగరానికి దక్షిణాన, మరికొంత పల్లంలో ఉన్న సోనా సుర్‌లో బస చేయడం తెలివైన పని. తలనొప్పి, వికారం చాలామందికి విశ్రాంతితో తగ్గుతాయి. కదలకుండా కూర్చున్నా ఆయాసపడుతున్నా, నడకలో అడుగులు తడబడుతున్నా వెంటనే వైద్యసహాయం పొంది ఎత్తు దిగాలి. అయితే విమానాశ్రయం పైనే ఉంది. వెచ్చని యుంగాస్ లోయలకు వెళ్లే దారి కూడా ముందు 4,600 మీటర్లకు పైనున్న కనుమను ఎక్కాకే దిగుతుంది. పైకి ఎక్కకుండా దిగాలంటే నది వెంబడి దక్షిణానికి సాగాలి.