ముక్కు బరువు తెలిస్తేనే జాకీ

పోయిన వానకాలం పరకాల దగ్గర మా బావమరిది తన పికప్ వెనక రెండు చక్రాల ట్రాలీ తగిలించుకుని చేను దగ్గరికి వచ్చాడు. ట్రాలీలో డీజిల్ ఇంజన్, పైపులు, నాలుగు ఎరువు బస్తాలు. గట్టు పక్కన ట్రాలీ ముక్కు, అంటే బండి హుక్కుకు తగిలే ముందు కొస, దాని కింద జాకీ దించి, హుక్కు విప్పి, బండి తీసుకుని ఊళ్లోకి పోయాం. తిరిగొచ్చేసరికి ట్రాలీ ముక్కు నేలకు ఆని ఉంది. "జాకీ చిన్నదైంది బావా, పెద్దది కొనాలె" అన్నాడు. తీరా చూస్తే జాకీకి ఏమీ కాలేదు. దాని కాలు జానెడు లోతు నల్లరేగడిలోకి దిగిపోయింది.

ఇది బరువు సంగతి కాదు, ఒత్తిడి సంగతి. ఆ రోజు ముక్కు మీద ఉన్నది సుమారు 180 కిలోలు. జాకీ గొట్టం అడుగు 5 సెంటీమీటర్ల గుండ్రం, అంటే దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటర్ మీద 9 కిలోలు పడుతున్నాయి. అదే గొట్టం కింద అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న మందపాటి చెక్క వేస్తే ఆ బరువే 900 చదరపు సెంటీమీటర్ల మీదికి పరుచుకుంటుంది. అప్పుడు చదరపు సెంటీమీటర్‌కు 200 గ్రాములే. రేగడి మట్టిలోని బంకరేణువులు పొరల మధ్యకు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, పట్టు వదిలేస్తాయి. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చేదీ ఈ మట్టే. పెద్ద జాకీకి పెట్టే డబ్బు కన్నా ఇక్కడ చెక్కముక్కే ఎక్కువ పని చేస్తుంది.

180 కిలోలని ఎలా తెలిసిందంటే, తర్వాత వరంగల్ పోయినప్పుడు అదే సరుకుతో కాంటా ఎక్కించాం. ముందు హుక్కు విప్పి, ట్రాలీ మొత్తాన్ని కాంటా మీద నిలబెట్టాం: 1500 కిలోలు. తర్వాత చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేలా, ముక్కు కింది జాకీ బయట నేల మీద ఉండేలా జరిపాం: 1320. తేడా 180, అంటే మొత్తంలో 12 శాతం. తూచేటప్పుడు ముక్కు హుక్కు ఎత్తులోనే ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

పికప్ వెనక లాగే ఇలాంటి ట్రాలీలకు ముక్కు బరువు 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలంటారు. ఎడ్లబండి తోలిన మా తాతకు శాతాలు తెలియవు గానీ సంగతి తెలుసు. "కాడి మీద కొంచెం బరువుండాలె బిడ్డా, లేకుంటే ఎడ్లకు ఉరి పడ్తది" అనేవాడు. బరువు వెనక్కి పోతే కాడి లేచి, మెడకు కట్టిన తాడు బిగుసుకుంటుంది. పికప్‌కు మెడ లేదు కాబట్టి ఆ బాధ తోక ఊపులో బయటపడుతుంది. ముక్కు తేలికైన ట్రాలీ వేగం పెరిగే కొద్దీ అటూ ఇటూ ఊగుతుంది. ఒక వేగం దాటాక ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దదవుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు టైర్ల పట్టు ఆ ఊపును చంపేస్తుంది, వేగం పెరిగితే చంపలేదు.

సరుకు కొద్దిగా జరిపినా తేడా వస్తుంది. ఇరుసు నుంచి హుక్కు 3 మీటర్లుంటే, 50 కిలోల బస్తాను మీటరు వెనక్కి జరిపితే ముక్కు మీద సుమారు 17 కిలోలు తగ్గుతాయి. ఆరు బస్తాలంత సరుకు అలా జరిపారా, 100 కిలోలు పోయినట్టే. మన 180 కాస్తా 80 అవుతుంది, శాతం ఐదుకు దిగుతుంది. దింపేటప్పుడు అందుబాటుగా ఉంటుందని బస్తాలన్నీ వెనక తలుపు దగ్గర పేర్చే అలవాటు మనకుంది, నా టెన్షన్ అంతా దాని గురించే. ఊపు మొదలైతే గట్టిగా బ్రేక్ కొట్టకూడదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదలాలి.

అలాగని ముందుకే తోసేయకూడదు. పికప్ వెనక కుంగి ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాడి కళ్లలో పడతాయి.

ఇక జాకీ. స్క్రూ జాకీ అంటే మెలికలు చుట్టిన ఏటవాలు దారి. పిడి 20 సెంటీమీటర్లుంటే ఒక చుట్టుకు చెయ్యి దాదాపు 125 సెంటీమీటర్లు తిరుగుతుంది, ముక్కు లేచేది ఒక మర, అంటే 5 మిల్లీమీటర్లు. నిష్పత్తి 250. లెక్క ప్రకారం 180 కిలోలకు కిలో బలం కూడా అక్కర్లేదు, కానీ రాపిడి ముప్పావు వంతు మింగేస్తుంది కాబట్టి మూడు కిలోల దాకా పెట్టాలి. మింగితే మింగనీ. ఆ రాపిడి వల్లే పిడి వదిలినా బరువు దానంతటది కిందికి దిగదు. నూనె జాకీకి ఆ ధీమా లేదు, లోపలి సీలు కారితే మెల్లగా దిగిపోతుంది. అందుకే దాన్ని ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరకూడదు.

కొనేటప్పుడు ముక్కు బరువుకు కనీసం రెట్టింపు మోసేది చూడండి. వాలులో నిలబెట్టినా, సరుకు ముందుకు జరిగినా ఆ అదనం పనికొస్తుంది. మన 180కి 400, 500 కిలోల జాకీ సరిపోతుంది. కింద చిన్న చక్రం ఉన్నది సిమెంటు గచ్చు మీద ట్రాలీ జరపడానికి బాగుంటుంది. రేగడిలో అయితే వెడల్పు పాదం ఉన్నదే నయం. 30 సెంటీమీటర్లు ఎత్తాలంటే 60 చుట్లు తిప్పాలి కాబట్టి, పిన్ను లాగితే కాలు జారి దిగే రకానికి కొంచెం ఎక్కువ పెట్టొచ్చు.

హుక్కు విప్పే ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టాలి. ఈ పని మనవాళ్లు బాగానే చేస్తారు, వెళ్లేటప్పుడు ఆ రాళ్లను రోడ్డు మీదే వదిలేస్తారు, అదే ఖర్మ. మా బావమరిది రాళ్లు తీశాడు, చెక్క కూడా ట్రాలీలో వేసుకున్నాడు, జాకీ కాలు పైకెత్తడం మరిచిపోయాడు. చేను బాట నుంచి కిరాణా కొట్టు దాకా తారు మీద గీత పడింది. ఇప్పుడు జాకీ పిడికి ఎర్ర గుడ్డ కట్టుకున్నాడు, కాలు కిందుంటే ఆ గుడ్డ తీసి స్టీరింగ్‌కు కడతాడు.