మిగతా ఇరవై మూడు గంటలు

1950ల నాటి లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో ఇద్దరు పనిచేసేవాళ్ళు. డ్రైవరు షిఫ్టంతా సీట్లోనే కూర్చునేవాడు. కండక్టరు టికెట్లు కొడుతూ కిందికీ పైకీ తిరుగుతూనే ఉండేవాడు. రోజుకి 500 నుంచి 750 మెట్ల దాకా ఎక్కేవాడని లెక్క. జెర్రీ మోరిస్ అనే వైద్య పరిశోధకుడు ఈ రెండు రకాల ఉద్యోగుల ఆరోగ్య రికార్డులు పక్కపక్కన పెట్టి చూసి, కండక్టర్లకి గుండె జబ్బులు తక్కువని 1953లో ప్రకటించాడు. ఆ సంగతి చాలామంది వినే ఉంటారు. నాకు మాత్రం ఆయన బృందం 1956లో చేసిన చిన్న పని ఇంకా ఇష్టం. యూనిఫాంల కోసం రాసిపెట్టుకున్న కొలతలు తీసి ప్యాంట్ల నడుము సైజులు చూశారు. ఎత్తు ఒకటే అయినా డ్రైవర్ల ప్యాంట్లే వెడల్పు.

ముందునుంచీ కాస్త పొట్ట ఉన్నవాళ్ళే డ్రైవర్లుగా చేరారేమో? న్యాయమైన అనుమానమే, దాన్ని పూర్తిగా కొట్టెయ్యలేం. కానీ ఒకటి గమనించండి. కండక్టరు ఎక్కిన ఆ మెట్లని ఎవరూ ఎక్సర్‌సైజ్ అనలేదు. అది ఆయన ఉద్యోగం, అంతే.

ఇప్పుడు మన పని కుర్చీలోకి వచ్చేసింది, కదలికంతా ఒక గంటకి కుదించి దానికి వ్యాయామ ప్రోగ్రామ్ అని పేరు పెట్టుకున్నాం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కరగనిది పొట్ట ఒక్కటే. దాన్ని కరిగించడానికి ఆ గంట సరిపోతుందా?

లెక్క వేద్దాం. 70 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటి కంటే అదనంగా ఖర్చయ్యేది సుమారు 200 క్యాలరీలు. (తిండి ప్యాకెట్ల మీద రాసే క్యాలరీల గురించే చెబుతున్నాను.) ఒంట్లో ఒక కిలో కొవ్వులో దాదాపు 7700 క్యాలరీలుంటాయి. అంటే ఒక్క కిలో తగ్గాలంటే 38 గంటలు నడవాలి. వారానికి ఐదు రోజుల చొప్పున దాదాపు ఎనిమిది వారాలు. అదీ ఈలోగా తిండి రవ్వంత కూడా పెరగకుండా ఉంటేనే. ఆ 200 క్యాలరీలు తిరిగి లోపలికి రావడానికి మాత్రం ఐదు నిమిషాలు చాలు.

మనం రోజంతా ఖర్చు చేసే శక్తిలో 60 నుంచి 70 శాతం గుండె కొట్టుకోవడానికీ, మెదడు, కాలేయం పనిచేయడానికీ, అంటే ఊరికే బతికుండడానికే పోతుంది. తిన్నది అరిగించుకోవడానికి ఇంకో 10 శాతం. మిగిలింది కదలికలది. ఈ కదలికల్లో ఎక్సర్‌సైజ్ అని మనం అనుకునేది చాలామంది విషయంలో చిన్న ముక్క. నిలబడటం, ఇల్లు సర్దడం, మెట్లెక్కడం, ఫోన్ మాట్లాడుతూ అటూ ఇటూ తిరగడం, చివరికి కాలు ఊపడం, ఇవన్నీ కలిసి పెద్ద ముక్క. శాస్త్రవేత్తలు దీన్ని 'నీట్' అంటారు, వ్యాయామం కాని కదలికల ఖర్చు అని అర్థం. ఒకే సైజున్న ఇద్దరు మనుషుల మధ్య ఈ పద్దులో రోజుకి 2000 క్యాలరీల దాకా తేడా ఉండొచ్చు. ఎంత కఠినమైన జిమ్ ప్రోగ్రామ్ అయినా అందులో సగానికి చేరడం కూడా కష్టమే.

ఈ పద్దు ఎంత ముఖ్యమో తేల్చింది అమెరికాలోని మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవీన్ బృందం. 16 మంది వాలంటీర్లకి ఎనిమిది వారాల పాటు రోజూ అవసరానికి మించి 1000 క్యాలరీలు తినిపించారు. తిన్న అదనం అందరికీ ఒక్కటే. చివరికి ఒకరికి చేరిన కొవ్వు అరకిలో కూడా లేదు, ఇంకొకరికి నాలుగు కిలోలు దాటింది. తేడా ఎక్కడొచ్చింది? కొందరి శరీరం ఆ అదనపు తిండిని చూసి తనంతట తానే కదలికలు పెంచేసింది. ఒకరిలో అయితే నీట్ రోజుకి దాదాపు 700 క్యాలరీలు పెరిగింది. ఇంకొకరిలో పెరగకపోగా కాస్త తగ్గింది కూడా. 1999లో వచ్చిన ఈ ఫలితం చదివాక, 'వాడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు' అనే మాటని ఇక తేలిగ్గా తీసిపారెయ్యలేం.

2005లో అదే బృందం లోదుస్తుల్లో సెన్సర్లు కుట్టి, సన్నగా ఉన్న పదిమందినీ లావుగా ఉన్న పదిమందినీ పది రోజులు గమనించింది. లావుగా ఉన్నవాళ్ళు రోజుకి రెండు గంటలకి పైగా ఎక్కువ కూర్చున్నారు. వాళ్ళు కూడా సన్నవాళ్ళలాగే కదిలితే రోజుకి 350 క్యాలరీల దాకా ఎక్కువ ఖర్చయ్యేవి. అయితే లావువాళ్ళు కొంత బరువు తగ్గాక కూడా కూర్చునే తీరు మారలేదు. అంటే ఇది పూర్తిగా బద్ధకం కాదు, కొంత పుట్టుకతో వచ్చిన స్వభావం కావచ్చు. లావుగా ఉన్నవాళ్ళకి క్లాసు పీకేముందు ఈ ముక్క గుర్తుంచుకుంటే మంచిది.

నా సంగతి చెబుతాను. ఒకసారి 12 వారాల ప్రోగ్రామ్ ఒకటి నిష్ఠగా పూర్తిచేశాను. ఒక్క రోజు కూడా మానలేదు. బరువు మాత్రం కిలోన్నర తగ్గి అక్కడే ఆగిపోయింది. కారణం ఫోన్‌లో దొరికింది. అడుగుల లెక్క రోజువారీగా తీసి చూస్తే, జిమ్‌కి వెళ్ళిన రోజుల్లో మిగతా టైమంతా నా అడుగులు మామూలు కంటే తక్కువ. పొద్దున చేశాంగా అని లిఫ్ట్ ఎక్కేశాను. సాయంత్రం సోఫాలో కూలబడి, నీళ్ళ గ్లాసు కూడా ఇంట్లోవాళ్ళ చేత తెప్పించుకున్నాను. పైగా 'కష్టపడ్డాం' అని రాత్రి ఇంకాస్త వడ్డించుకున్నాను. ఇందులో ఏదీ ఆలోచించి చేసింది కాదు.

ఇది నా ఒక్కడి రోగం కాదు. 464 మంది మహిళలతో ఆరు నెలలు జరిగిన ఒక పరిశోధనలో ఎక్కువ మోతాదు వ్యాయామం చేసినవాళ్ళు, లెక్క ప్రకారం తగ్గాల్సిన బరువులో సగం చిల్లరే తగ్గారు. హెర్మన్ పాంట్జర్ అనే పరిశోధకుడు ఇంకో అడుగు ముందుకేశాడు. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హాడ్జా తెగవాళ్ళ మొత్తం శక్తి ఖర్చు కొలిస్తే, శరీర పరిమాణం లెక్కలోకి తీసుకున్నాక, అది అమెరికా, యూరప్ మనుషుల ఖర్చుకి దగ్గరగానే ఉంది. ఒకచోట ఎక్కువ ఖర్చయితే శరీరం ఇంకోచోట పొదుపు చేస్తుందని ఆయన వాదన. ఆ పొదుపు ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో ఇంకా గొడవ నడుస్తోంది.

అలాగని ప్రోగ్రామ్‌లు దండగ అనను. వారానికి ఐదు రోజులు, పది నెలలపాటు, ప్రతిసారీ 400 లేదా 600 క్యాలరీలు కచ్చితంగా ఖర్చయ్యేలా పక్కన ఉండి చేయించిన పరిశోధన ఒకటుంది. తిండి జోలికి వెళ్ళకుండానే 400 వాళ్ళు సగటున 3.9, 600 వాళ్ళు 5.2 కిలోలు తగ్గారు. పక్కన మనిషి నిలబడితే పనవుతుంది. మన జీవితంలో ఆ మనిషి ఎన్నాళ్ళుంటాడన్నదే సమస్య. ఇంకో విషయం, తిండి తగ్గించినప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. దాన్ని కాపాడటానికి బరువులెత్తే వ్యాయామాన్ని మించింది లేదు, ఈ పని మెట్లెక్కితే కాదు. తగ్గిన బరువు తిరిగి రాకుండా చూడటంలో కూడా వ్యాయామానికి మంచి పేరుంది. అమెరికాలో 1994లో మొదలైన ఒక రిజిస్ట్రీలో కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదికి పైగా నిలబెట్టుకున్నవాళ్ళని నమోదు చేస్తున్నారు. వాళ్ళు సగటున రోజుకి గంట కదులుతారు. వాళ్ళలో ఎక్కువమంది ఎంచుకున్నది నడకే.

నిద్రని ఈ లెక్కలోకి ఎవరూ తేరు. 2010లో పదిమందికి ఒకే తగ్గింపు ఆహారం పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకునే వీలు ఇచ్చారు. బరువు రెండుసార్లూ దాదాపు మూడు కిలోలే తగ్గింది. కానీ బాగా పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర చాలనప్పుడు 0.6 కిలోలు. మిగతాదంతా కండ, నీళ్ళ లాంటి కొవ్వు కానిదే. తూకం మాత్రం రెండుసార్లూ ఒకేలా మురిపించి ఉంటుంది. పొద్దున ఐదింటికి జిమ్‌కి వెళ్ళాలని రాత్రి పన్నెండింటికి పడుకుని నాలుగున్నరకి అలారం పెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు ఈ అంకెలే గుర్తొస్తాయి.

అలవాటు ఎన్నాళ్ళకి పడుతుందంటే 21 రోజులని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. లండన్‌లో 96 మంది మీద కొలిచి చూసిన పరిశోధనలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, ఎంచుకున్న పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా అందులోనే తేలింది.

నేను ఇప్పుడు వారానికి రెండు రోజులే బరువులెత్తుతున్నాను. ఫోన్ ఛార్జర్ ఇంటికి ఆ చివర గదిలో ఉంటుంది, కాల్ వస్తే లేచి వెళ్ళాల్సిందే, మాట్లాడినంతసేపూ నడవాల్సిందే. మొదటి నెలంతా విసుక్కున్నాను. నీళ్ళ గ్లాసు నేనే తెచ్చుకుంటున్నాను, చాలావరకు.