బన్ని చౌడు నేలలో నాగలి ఎందుకు వద్దంటున్నారు?

2021 మే నెలలో పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఒక ఆదేశం ఇచ్చింది. గుజరాత్‌లోని కచ్ జిల్లాలో బన్ని మేత బీళ్ల మీద వెలిసిన ఆక్రమణలను ఆరు నెలల్లో తీసేయాలని, ఆ భూమి మీద అక్కడి పశుపోషకుల ఉమ్మడి హక్కు కొనసాగాలని దాని సారాంశం. కేసు వేసింది ఆ పశుపోషకుల సంఘమే. జానెడు నేల దొరికితే దున్నుకుందామని చూసే దేశంలో 'ఇక్కడ ఎవరూ దున్నకూడదు, మేము కూడా' అని ఊళ్లకు ఊళ్లు పట్టుబట్టడం మామూలు సంగతి కాదు. దాని వెనక ఉన్న కారణం కాగితాల్లో కంటే మట్టిలోనే బాగా కనిపిస్తుంది.

భుజ్ పట్టణానికి ఉత్తరాన కొండల వరస దాటగానే నేల బల్లపరుపుగా మారిపోతుంది. ఇటు కొండలు, అటు మహా రణ్ ఉప్పు బయలు. ఈ రెంటి నడుమ సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల మేత బీడు బన్ని. ఈ పేరుకి 'తయారైన నేల' అని స్థానికులు అర్థం చెబుతారు. అది నిజమే. ఒకప్పుడు ఇది సముద్రపు పాయ. సింధు నది, ఇతర నదులు వేల ఏళ్లు తెచ్చి పోసిన ఒండ్రుతో పూడి, భూమి కదలికలతో కాస్త పైకి లేచింది. సముద్రం పోయినా దాని ఉప్పు మట్టిలోనే ఉండిపోయింది. కొద్ది అడుగులు తవ్వితే తగిలేది ఉప్పునీరే.

తర్వాతి కాలంలో మంచినీటి దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. సింధు నది తూర్పు పాయ ఒకటి కచ్ వైపు పారేది. 1762లో ఝారా యుద్ధం తర్వాత సింధ్ పాలకుడు గులాం షా కల్హోరా దానికి అడ్డంగా కట్ట వేయించాడని, లఖ్‌పత్ వైపు వరి పండిన పొలాలు ఉప్పు తేలిపోయాయని కచ్ చరిత్ర చెబుతుంది. 1819 జూన్ 16న వచ్చిన భూకంపం మిగిలిన పని పూర్తి చేసింది. రణ్‌లోని సింద్రీ కోట నీట మునిగింది. దానికి ఉత్తరాన దాదాపు 80 కిలోమీటర్ల పొడవునా నేల కట్టలా పైకి లేచింది. మనిషి కట్టింది కాదు కాబట్టి జనం దాన్ని 'అల్లా బంద్' అన్నారు. ఆ తర్వాత బన్నికి దిక్కు ఏడాదికి 300 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వాన, భుజ్ వైపు కొండల నుంచి దిగే ఖారీ, నిరోణా లాంటి చిన్న ఏర్లు. ఆ వాన కూడా ఒక ఏడాది ముంచెత్తుతుంది, మూడేళ్లు ముఖం చాటేస్తుంది.

ఇక మట్టి దగ్గరికి వద్దాం. చౌడు మన రైతులకు కొత్త కాదు. తెల్లగా ఉప్పు పొర కట్టేదాన్ని పాల చౌడు అంటారు, నల్లబడి గట్టిపడేదాన్ని కారు చౌడు అంటారు. ఊళ్లలో చాకళ్లు బట్టలు ఉతకడానికి చౌటి మట్టి తెచ్చుకున్నది కూడా అందులోని సోడా కోసమే. పాల చౌడులో సమస్య కరిగే ఉప్పు. వేరు చుట్టూ నీరున్నా మొక్క దాన్ని లాక్కోలేదు, తడిలోనే ఎండిపోతుంది. కారు చౌడులో చిక్కు వేరు. అక్కడ సోడియం బంకమట్టి రేణువులకే అంటుకుని ఉంటుంది. కాల్షియం ఉంటే రేణువులు గుంపులుగా కట్టుకుంటాయి, వాటి సందుల్లో నీరు, గాలి ఆడతాయి. సోడియం పెరిగితే ఆ గుంపులు విడిపోతాయి, సందులు పూడుకుపోతాయి. వాన పడితే పైన బురద, కింద పొడి. ఎండకు పెంకులా బిగుసుకుంటుంది. ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటితే భాస్వరం, ఇనుము, జింకు మట్టిలో ఉన్నా మొక్కకు సరిగా అందవు.

బన్నిలో ఈ రెండు రకాలూ కలగలిసి ఉంటాయి. పదడుగుల దూరంలో నేల గుణం మారిపోతుంది. ఇలాంటి మట్టికి ఇంకో మెలిక ఉంది. ఉప్పు నిండుగా ఉన్నంతకాలం బంకమట్టి విడిపోదు. ఉప్పు కడుక్కుపోయి సోడియం మాత్రం మిగిలిపోతేనే నేల గడ్డకడుతుంది. అందుకే 'నీళ్లు పెట్టి కడిగేస్తే చౌడు పోతుంది' అన్న సులభ సూత్రం అన్ని చోట్లా పనిచేయదు. కాల్షియం ఉన్న జిప్సం వేసి సోడియాన్ని తప్పించాలి, దిగిన నీరు బయటికి పోయే దారి ఉండాలి. వాలే లేని బన్నిలో, కింద ఉప్పునీరు నిలిచి ఉన్న చోట, ఆ దారి ఎక్కడిది?

అక్కడ గడ్డిని బతికించింది ఒక తూకం. వానాకాలంలో ఏర్లు పొంగి నీరు పలచగా పరుచుకుని కొన్నాళ్లు నిలుస్తుంది. పై మట్టిలోని ఉప్పు కొంత కిందికి దిగుతుంది, కొంత రణ్ వైపు జారుతుంది. గడ్డి లేచేది ఆ వ్యవధిలోనే. వేసవిలో ఎండ నీటిని పైకి లాగుతుంది, దానితో ఉప్పూ పైకి వస్తుంది. మళ్లీ వరద, మళ్లీ ఎండ. ఉప్పు తక్కువున్న మిట్టల మీద పశువులు ఇష్టపడే మెత్తని గడ్డి, ఉప్పు ఎక్కువున్న పల్లాల్లో 'లాణో' అనే ఉప్పు మొక్క, అక్కడక్కడా పీలు చెట్లు. ఈ మచ్చల నేలలో ఏ నెలలో మందను ఎటు తోలాలో అక్కడి పశుపోషకులైన మాల్ధారీలకు తెలుసు. 'మాల్' అంటే వాళ్ల మాటలో పశువులే. సంపద అన్నా అవే.

ఆ నేల వాళ్లకు ఎంత బాగా తెలుసో విర్డాలు చూస్తే అర్థమవుతుంది. వాన నీరు ఇంకే పల్లంలో చిన్న బావులు తవ్వి, లోపల చెట్టు దుంగలు పేర్చి, సందుల్లో గడ్డి కూరుతారు. ఇంకిన వాన నీరు తేలిక, అడుగున ఉన్న ఉప్పునీరు బరువు. తేలికైనది పైన తేలుతుంది, గడ్డి పొర మట్టిని వడకడుతుంది. పైనున్న మంచినీరు అయ్యేదాకా తోడుకుని, ఉప్పు తగలగానే ఆ గుంట వదిలి పక్కదానికి పోతారు. నా దృష్టిలో ఏ నీటి శాస్త్ర పాఠానికీ ఇది తక్కువ కాదు.

కచ్ రాజుల కాలంలో బన్నిని మేత కోసమే ఉంచారు. మేపుకుంటే పన్ను కట్టాలి, దున్నడానికి మాత్రం వీల్లేదు. స్వాతంత్ర్యం తర్వాత ఈ పద్ధతి చెదిరిపోయింది. భుజ్ వైపు నుంచి దిగే ఏర్ల మీద రుద్రమాత లాంటి ఆనకట్టలు వచ్చాయి. పై ఊళ్లకు నీళ్లు కావాలి, కాదనలేం. కానీ బన్నిలో ఉప్పు కడిగే వరద ఆ మేరకు తగ్గిపోయింది. 1955లో ప్రభుత్వం బన్నిని రక్షిత అడవిగా ప్రకటించింది. చెట్లు అంతగా లేని చోటు కాగితం మీద అడవి అయింది. అడవి అన్నాక చెట్లు నాటాలనిపించడం ఎంతసేపు?

రణ్ ఉప్పు ముందుకు వస్తోందన్న భయంతో 1961లో అటవీ శాఖ సుమారు 31,550 హెక్టార్లలో ఒక చెట్టు నాటించింది. అది మనకు బాగా తెలిసిన సర్కారు తుమ్మే. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ చెట్టు విత్తనాలు 1877లో జమైకా నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖకు చేరి, మన కడప జిల్లా కమలాపురంలో మొలకెత్తాయి. వంటచెరకు కరవు తీరుస్తుందని తెచ్చిన చెట్టు అది. మన చెరువు గర్భాలు, కాలువ గట్లు ఏమయ్యాయో చూశాం కదా. కచ్ వాళ్లు దాన్ని 'గాండో బావల్' అంటారు, అంటే పిచ్చి తుమ్మ.

ఉప్పును తట్టుకుంటుంది, వేరు లోతుకు పోతుంది, నరికితే నాలుగు కొమ్మలేస్తుంది. కాయలు తిన్న పశువు పేడలో విత్తనం పడి, ఎరువుతో సహా మొలుస్తుంది. ఉపగ్రహ చిత్రాల్లో చూస్తే ఏడాదికి సుమారు 25 చదరపు కిలోమీటర్ల చొప్పున పాకింది. న్యాయంగా చెప్పాలంటే ఆకు రాలి దాని నీడలో మట్టికి నత్రజని చేరుతుంది, పై ఉప్పు కొంత తగ్గుతుంది కూడా. కానీ ఆ మేలు గడ్డికి అందదు. దట్టంగా పెరిగిన తుమ్మ కింద మేత మొలవదు.

మంద స్వరూపం కూడా మారింది. కాంక్రేజ్ జాతి ఆవులకు తుమ్మ కాయలు అరగవు, కడుపులో గడ్డకట్టి చచ్చిపోయేవి. గేదెలు తట్టుకున్నాయి. ఇప్పుడు బన్ని అంటే గేదెలే. రాత్రంతా మనిషి తోడు లేకుండా మేసి తెల్లవారి పాలకు ఇంటికొచ్చే ఈ జాతికి 2010లో అధికారిక గుర్తింపు దక్కింది. 2004లో తుమ్మ కట్టెతో బొగ్గు తయారు చేయడానికి అనుమతిచ్చి, 2008లో మళ్లీ ఆపేశారు. ఆ నాలుగేళ్లలో బొగ్గు డబ్బు రుచి చూసిన ఇళ్లు కూడా ఉన్నాయి కాబట్టి తుమ్మ ఉండాలా పోవాలా అన్నదాని మీద ఊళ్లలోనే ఒక మాట లేదు.

నాగలి సంగతి వేరు. పొలం అనగానే చుట్టూ గట్టు పడుతుంది. గట్టు పలచగా పారే వరదకు అడ్డం. దున్నితే గడ్డి వేళ్లు పట్టి ఉంచిన పై పొర చెదురుతుంది, బోసి నేల మీద ఎండ నేరుగా పడి ఉప్పును ఇంకా వేగంగా పైకి లాగుతుంది. మొదటి ఒకటి రెండేళ్లు పంట వస్తుంది, తర్వాత తెల్ల పొర కనిపిస్తుంది. అప్పుడు ఆ పొలం వదిలేసి పక్క మిట్టను దున్నుతారు. అలా పోయేవి గడ్డి బాగా లేచే మంచి మచ్చలే. 2018లో మాల్ధారీలు ట్రిబ్యునల్ గుమ్మం తొక్కింది ఇందుకే. అటవీ హక్కుల చట్టం కింద వాళ్లు అడుగుతున్నది కూడా ఒక్కొక్కరికి విడి పట్టా కాదు, బన్ని మొత్తానికి ఉమ్మడి హక్కు. నీరు ఎటు పారుతుందో, గడ్డి ఏ మచ్చలో లేస్తుందో ఏటా మారే నేలను ఎకరాల లెక్కన ఎలా పంచుకుంటారు?

ఇప్పుడు కొన్ని చోట్ల తుమ్మ తీసి గడ్డి విత్తుతున్నారు. మొదలు పైన నరికితే లాభం లేదు, భూమి లోపల వేరు మెడ కిందికి తవ్వి తీయాలి. ఆ పని వానకు ముందే అయిపోవాలి. గోతులు పూడ్చి చదును చేశాక, మిట్టలో అయితే మొదటి మంచి వానకే గడ్డి కనిపిస్తుంది. ఉప్పు పల్లంలో అయితే ముందు లాణోనే మొలుస్తుంది, గడ్డి కోసం కొన్ని వరదలు ఆగాలి. పైన ఆనకట్టలు నిండి పొర్లిన ఏడాదే ఆ వరద వస్తుంది.