ఫోటోవాయిస్: కెమెరాలు కొన్నారు సరే, చర్చకు సమయమేది?

ఫోటోవాయిస్ అంటే ఒక పరిస్థితిలో బతుకుతున్నవారే దాన్ని ఫోటోలు తీసి, వాటి గురించి కలిసి చర్చించుకునే పద్ధతి. దీనిలో శిక్షణ ఇవ్వమని పిలిచే సంస్థలు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఏ కెమెరా కొనమంటారు?" చర్చకు ఎన్ని పూటలు కావాలని అడిగేవారు అరుదు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

అపోహ: ఫోటోలు తీయించి, బాగున్నవి ఏరి ప్రదర్శన పెడితే ఫోటోవాయిస్ అయిపోయినట్టే.

వాస్తవం: అప్పటికి సగం పని కూడా కాదు. 1990ల తొలినాళ్లలో పరిశోధకులు కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బర్రిస్ చైనాలోని యునాన్‌లో 62 మంది గ్రామీణ మహిళలతో ఈ పద్ధతికి రూపమిచ్చారు. దానికి పెట్టుకున్న లక్ష్యాలు మూడు: తమ బలాలనూ బాధలనూ వాళ్లే నమోదు చేయడం, ఫోటోల చుట్టూ కూర్చుని లోతుగా మాట్లాడుకోవడం, ఆ మాటను విధానాలు రూపొందించేవారి దాకా చేర్చడం. సమయం చాలలేదని రెండోదాన్ని ఎగరగొడితే మిగిలేది ఫోటోల పోటీ.

"మన సమస్యలు" అని అంశం ఇవ్వండి, పిల్లలు వరసపెట్టి చెత్తకుప్పలే తీసుకొస్తారు. పెద్దలు మెచ్చే జవాబు అదేనని వాళ్లకు తెలుసు. ఒక బడిలో అలాంటి ఫోటో కింద ఉపాధ్యాయులు అప్పటికే "పరిశుభ్రత పాటిద్దాం" అని రాసి సిద్ధంగా ఉంచారు. తీసిన అమ్మాయిని అడిగితే, "నేను తీసింది చెత్త కాదు, వెనకున్న బల్ల" అంది. బస్సు ఆగే చోట సిమెంటు బల్ల. సాయంత్రమైతే దాని మీద మగవాళ్లు తిష్ఠ వేస్తారు, ఆడపిల్లలు ఎండలో నిలబడతారు. మిగతా అమ్మాయిలు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. అడగకపోయి ఉంటే గోడ మీద పరిశుభ్రత నినాదం వేలాడుతూ ఉండేది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1973లో పెరూలో సాగిన అక్షరాస్యతా కార్యక్రమంలో దోపిడీ అంటే ఏమిటో ఫోటోతో చెప్పమంటే ఒక పిల్లవాడు గోడకున్న మేకును తీసిన ఉదంతాన్ని నాటక ప్రయోక్త అగస్టో బోల్ నమోదు చేశారు. పెద్దలకు అర్థం కాలేదు, తోటి పిల్లలకు వెంటనే అర్థమైంది. బూట్లు పాలిష్ చేసే పిల్లలు బరువైన పెట్టెను రోజూ ఇంటికి మోయలేక, రాత్రికి తగిలించుకోవడానికి దుకాణంలో మేకును అద్దెకు తీసుకునేవారు. "బాగున్నవి" ఏరే కమిటీ ఆ మేకును మొదటి విడతలోనే పక్కన పడేసేది.

కాబట్టి ఏ ఫోటో చూపించాలో తీసినవారినే ఎంచుకోనివ్వండి. ఆపైన అడగవలసినవి అయిదే: ఇక్కడ ఏమి కనిపిస్తోంది? నిజానికి ఏమి జరుగుతోంది? మన బతుకులతో దీనికి సంబంధం ఏమిటి? ఈ పరిస్థితి ఎందుకు వచ్చింది? మనం ఏమి చేయగలం? నాలుగో ప్రశ్న దగ్గర గది నిశ్శబ్దమైపోతుంది. నిర్వాహకులు ఆగలేక జవాబు తామే అందిస్తారు. దయచేసి నోరు మెదపకండి.

అపోహ: ఫోటోలు తీయడం రానివారు పనికిరారు.

వాస్తవం: చేయి వణికే పెద్దవారు, ఫోను పట్టుకోవడానికే బిడియపడేవారు ఈ భయంతోనే వెనక్కి తగ్గుతారు. తగ్గకండి. మసకగా వచ్చినా ఫరవాలేదు, దాని గురించి మీరు చెప్పేది ముఖ్యం.

అపోహ: మొదట్లో ఒక సంతకం తీసుకుంటే చాలు.

వాస్తవం: చాలదు. పాల్గొనేవారి సమ్మతి వేరు, ఫోటోలో ఉన్నవారి సమ్మతి వేరు, ప్రదర్శించడానికీ ప్రచురించడానికీ సమ్మతి వేరు. పిల్లలైతే తల్లిదండ్రులదీ కావాలి. ముఖం మసకచేస్తే ఎవరూ గుర్తుపట్టరన్న మాట ఎవరు పుట్టించారో గానీ, నలుగురూ ఒకరినొకరు ఎరిగిన చోట చెప్పులను బట్టి కూడా మనిషిని పోల్చుకుంటారు.

అపోహ: ఫోటో చూస్తే అధికారులే కదులుతారు.

వాస్తవం: ఆ ఆశ పెట్టి ఎవరినీ రప్పించకండి. నిర్ణయాధికారం ఉన్నవారిని ప్రదర్శన రోజున ముఖ్య అతిథిగా పిలవడం కాదు, ప్రణాళిక వేసేటప్పుడే కూర్చోబెట్టాలి. వాళ్లు రామంటే ఆ సంగతి పాల్గొనేవారికి మొదటి రోజే చెప్పేయండి.