పిడికెడు బియ్యం, పాస్టరు జీతం: తెలుగు పల్లె సంఘాల స్వయంపోషణ వెనుక కథ

2020లో కేంద్రం విదేశీ విరాళాల చట్టాన్ని సవరించింది. విదేశీ డబ్బు తీసుకునే ప్రతి సంస్థా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోనే దాన్ని అందుకోవాలి. అలా వచ్చినదాన్ని ఇంకో సంస్థకు పంచకూడదు. నిర్వహణ ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. వీటిలో రెండో నిబంధన దెబ్బ పల్లెల దాకా తగిలింది. పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంస్థకు, చిన్న సంస్థ పల్లెలోని క్రైస్తవ సంఘానికి నెలనెలా ఇంత అని పంపే ఏర్పాటు ఆగిపోయింది. ఆ కొద్దిపాటి డబ్బుతో ఇల్లు గడుపుకునే పాస్టర్లు ఎందరో ఉన్నారు. కాపరిని, అంటే పాస్టరును, ఎవరు పోషించాలన్న ప్రశ్న దాంతో మళ్లీ ముందుకొచ్చింది. తెలుగు నేలమీద పల్లె సంఘాలు పుట్టినప్పటి నుంచీ ఉన్న ప్రశ్నే ఇది.

మొదటి సంఘాలు ఎవరివో చూస్తే ప్రశ్న ఎందుకు తెగలేదో తెలుస్తుంది. కృష్ణా జిల్లా రాఘవాపురంలో మాల కులస్థుడు పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం పొందాడు. ఒంగోలు ప్రాంతంలో తోళ్ల వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య 1866లో పొందాడు. ఈ ఇద్దరి వెనుక బంధువులు, ఆ వెనుక ఊళ్లకు ఊళ్లు వచ్చాయి. వచ్చినవాళ్లకు భూమి లేదు. కూలి సోలల్లో, మానికల్లో గింజల రూపంలో దక్కేది. చేతిలో నగదు ఆడేది తక్కువ. దానికితోడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ విశ్వాసుల ముందు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మూడోది పాటించాలంటే జాతరలో డప్పు కొట్టడం మానాలి. డప్పు మానేస్తే రైతులు కళ్లంలో ఇచ్చే గింజల వాటా (మేర) ఆపేసేవారు. విశ్వాసంలోకి వచ్చిన రోజే రాబడి కొంత తెగిపోయిన కుటుంబం కాపరి జీతం ఏం ఇస్తుంది? అందుకే పగలు పిల్లలకు బడి చెప్పి, రాత్రి ప్రార్థన నడిపే ఉపదేశికి విదేశీ మిషనరీల సంస్థ అయిన మిషనే నెలజీతం ఇచ్చింది. ఆనాటికి వేరే దారి లేదు. కానీ జీతమిచ్చేది మిషన్ కాబట్టి ఉపదేశి లెక్క చెప్పేదీ మిషన్‌కే అన్న అలవాటు అక్కడే పడింది.

1876–78 నాటి ధాత కరువు ఈ లెక్కను తారుమారు చేసింది. క్లఫ్ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఖ్య ఇంతగా పెరిగాక ప్రతి పల్లెకూ బోధకుణ్ణి పెట్టి జీతమివ్వడం ఏ మిషన్ తరమూ కాదు. స్వయంపోషణ, అంటే సంఘమే తన కాపరిని పోషించుకోవడం, అన్న మాట గట్టిగా వినబడటం మొదలైంది ఈ ఒత్తిడి వల్లే.

ఆ మాటకు ఒక పద్ధతి తెచ్చింది మాత్రం దోర్నకల్. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు పల్లె గురువు కొడుకు. ఆయన ముఖ్య పాత్రధారిగా 1903లో ఏర్పడిన తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం డబ్బు, మనుషులు, నిర్వహణ మూడూ ఈ దేశానివే కావాలని నియమం పెట్టుకుని, నిజాం ఏలుబడిలోని దోర్నకల్‌కు పనివాళ్లను పంపింది. అంటే దోర్నకల్ ఉన్న మానుకోట (మహబూబాబాద్) ప్రాంతపు తెలుగు సంఘాలకు తొలి పోషణ సముద్రాల అవతలి నుంచి కాకుండా తమిళ పల్లెల కానుకల నుంచి వచ్చింది. 1909లో అజరయ్య తానే అక్కడికి వచ్చాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు.

పేదరికం ఇవ్వకపోవడానికి కారణం కాదని, ఇవ్వడం విశ్వాసిగా బతకడంలో భాగమని ఆయన పట్టు. ఆయన అధ్యక్ష మండలంలో (బిషప్ పాలన కింది సంఘాల పరిధిలో) బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తలమీద చేయి పెట్టుకుని, తాము బాప్తిస్మం పొందినవాళ్లమని, 'సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ' అని పలికేవారు. చదువురాని కూలీ కూడా పక్క ఊరికి వెళ్లి చెప్పగల సాక్షి అన్నది దాని భావం. జీతం తీసుకునే ప్రచారకుల మీద భారం అలా తగ్గింది. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలతో పోరాడాలని ఆయన సంఘాలకు చెప్పేవాడు. చివరి రెండింటికీ స్వయంపోషణతో నేరుగా సంబంధం ఉంది: షావుకారుకు వడ్డీ, కల్లుపాకకు కూలి పోయాక మందిరానికి మిగిలేదేమీ ఉండదు. దోర్నకల్‌లోని ఎపిఫనీ కేథడ్రల్ కట్టడం రెండు దశాబ్దాలకు పైగా సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. మసీదు గుమ్మటాలు, గుడి మండపపు స్తంభాలు, తామర, సిలువ అన్నీ కలిసిన ఆ కట్టడాన్ని అంత నిదానంగా కట్టుకోవడం ఆ మండలం ఆర్థిక నిజాయితీకి గుర్తు అనిపిస్తుంది.

నగదు లేని ఇళ్లు ఇచ్చే తీరు పిడికెడు బియ్యం. ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోంచి, కడగకముందే, ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. పెద్దవాళ్ల పిడికిలికి సుమారు 35 గ్రాములు వస్తాయి. రెండు పూటలా తీస్తే నెలకు రెండు కిలోల పైచిలుకు, 40 ఇళ్ల సంఘంలో 80 కిలోలకు పైనే. వండే మనిషి చేతిలో ఉన్న నిర్ణయం కాబట్టి ఇది మొదటి నుంచీ ఆడవాళ్ల కానుక. భర్తను అడగాల్సిన పనిలేదు. ఆదివారం స్త్రీల సమాజం వాళ్లు తూచి, పుస్తకంలో పేరు ఎదురుగా రాసుకుంటారు.

చెడేది ఎక్కడంటే, నలభై ఇళ్ల నుంచి నలభై రకాల బియ్యం కలుస్తాయి; కలగాపులగం బియ్యానికి వ్యాపారి ధర తగ్గిస్తాడు. వానాకాలంలో నెల నిల్వ ఉంటే పురుగు పడుతుంది, అందుకే పదిహేను రోజులకోసారి ఖాళీ చేయాలి. ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఇళ్లలో వండేది చాలావరకు రేషన్ బియ్యం. వాటిని అమ్మడం, కొనడం నేరం. కనుక వచ్చిన బియ్యాన్ని కాపరి ఇంటికి, విధవరాళ్లకు, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు వాడాలే తప్ప డబ్బు చేయడానికి లేదు. అందుకని కొన్ని సంఘాలు ఇంటికి నెలకు ఒకరోజు కూలి అన్న లెక్కకు మారాయి. కూలి 300 రూపాయలనుకున్నా 40 ఇళ్లకు 12,000 అవుతుంది. ఉపాధి హామీ డబ్బులు ఆలస్యమైన నెలలో మాత్రం ఆ మొత్తం సగానికి పడిపోవచ్చు. అందుకోసం రెండు నెలల జీతం ముందే పక్కన పెట్టుకోకపోతే ఆ నెల పాస్టరు అప్పు చేస్తాడు.

కోతకాలపు పండుగ ఏడాదికి పెద్ద రాబడి. కుప్పనూర్పిళ్లు అయ్యాక వడ్ల బస్తా, కోడి, గుమ్మడికాయ, అరటిగెల మందిరానికి తెస్తారు, ఆరాధన తర్వాత వేలంపాట. ఉత్సాహంలో మామూలు గుమ్మడికాయ పదింతల ధర పలుకుతుంది. పాట పాడినవాళ్లు తర్వాత ఇవ్వకపోవడమే దీని జబ్బు. పాడిన చోటే నాలుగో వంతు కట్టించుకుని, మిగతాదానికి తేదీ రాయించుకుని, బకాయిల జాబితా నెల తిరిగేసరికి సంఘంలో చదివే చోట సమస్య చాలా తక్కువ.

1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ఇంకా ఇతర సంఘాలు కలిశాయి. తెలుగు బాప్టిస్టులు, లూథరన్లు బయటే ఉండిపోయారు. మిషన్ చేతిలోని అధికారం అధ్యక్ష మండలానికి వచ్చింది. పది పల్లెలు ఒక పాస్టరేట్, ఆ పాస్టరేట్ మండలానికి నిర్ణయించిన మొత్తం పంపాలి, మండలం అందరు గురువులకూ ఒకే స్కేలున జీతమిచ్చి బదిలీలు చేస్తుంది. పేద పల్లెకూ చదువుకున్న గురువును ఇవ్వగలగడం ఈ పద్ధతి గొప్పతనం. నష్టం కూడా అందులోనే ఉంది: డబ్బు పైకి వెళ్లి జీతంగా కిందికి వస్తుంది కనుక, తామే గురువును పోషిస్తున్నామన్న సంగతి పల్లెకు కనబడదు. గురువు ఊరికి నెలకోసారి ప్రభురాత్రి భోజన సంస్కారం ఇవ్వడానికి వస్తాడు. లెక్క అడిగే అలవాటు అలా తగ్గిపోయింది.

దీనికి పూర్తిగా వేరే దారి సువార్తికుడు భక్త్‌సింగ్ మొదలుపెట్టిన సహవాసాలది. 1950 నుంచి హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా పెరిగిన ఈ సంఘాల్లో నిర్ణీత జీతం లేదు, విదేశీ పోషణ లేదు, ఏ ఊరి సంఘం ఆ ఊరి పెద్దల చేతిలో ఉంటుంది. వేలమంది కూర్చుని తినే ప్రేమవిందులు కూడా స్వచ్ఛంద కానుకలతోనే నడిచాయి. ఈరోజు పల్లెల్లో కనబడే స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి ఈ నమూనా తెలుసు. అయితే పెద్దల ఉమ్మడి బాధ్యతను వదిలేసి జీతం లేకపోవడాన్ని మాత్రమే తీసుకున్న చోట, కానుకకు, పాస్టరు ఇంటి ఖర్చుకు మధ్య గీత చెరిగిపోయింది.

సభ్యుల పట్టీ దగ్గర ఒక అడ్డంకి ఉంది, దీని గురించి బయట మాట్లాడేవాళ్లు తక్కువ. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు మన దగ్గర బీసీ-సీలో ఒక్క శాతం కోటాకు వస్తారు. 2022లో వేసిన జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌కు అప్పగించింది ఈ అంశాన్నే. చందా రసీదు, బాప్తిస్మ పుస్తకంలో పేరు తన పిల్లల ఎస్సీ సర్టిఫికెట్‌కు ముప్పు అవుతాయన్న భయంతో ఇచ్చే మనసున్నవాడు కూడా పేరు రాయించుకోడు. పేరు లేనివాడికి సంఘ ఎన్నికల్లో ఓటు లేదు, లెక్క అడిగే హక్కు లేదు. ఆ భయం న్యాయమైనదే; కులపు వివక్ష మందిరం గడప దగ్గర ఆగిపోలేదని తెలిసిన ఎవరైనా ఒప్పుకోవాలి.

ఇక స్థలం. చాలా స్వతంత్ర మందిరాలు పాస్టరు సొంత పేరున కొన్న స్థలంలో ఉన్నాయి. ఆయన చనిపోయిన రోజు నుంచి అది వారసుల ఆస్తి. ముప్పై ఏళ్లు కానుకలిచ్చిన సంఘానికి కాగితం మీద ఏ హక్కూ లేదు. కనీసం ఏడుగురు సభ్యులతో 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేసి, సంఘం పేరున పాన్, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తీసుకుని, తర్వాత స్థలాన్ని ఆ పేరుకు మార్పించాలి. వరుస ముఖ్యం: సొసైటీ లేకుండా రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళితే మళ్లీ ఎవరో ఒకరి సొంత పేరే దస్తావేజులో పడుతుంది. ఇది పాస్టరు బతికి, ఆరోగ్యంగా, సంఘంతో సఖ్యంగా ఉన్నప్పుడే చేయించాలి, ఎందుకంటే దస్తావేజు మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.